‘వితౌట్ యూ’: ఒక పాట, మూడు గొంతులు, రాసినవాళ్ల ఇంటికి చేరని డబ్బు

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క పాట గురించి మాట్లాడుకుందాం. పేరు ‘వితౌట్ యూ’. యూట్యూబ్‌లో ఈ పేరు కొడితే ముందు డేవిడ్ గెట్టా, అషర్ పాట రావచ్చు. అది 2011 పాట, దానికీ దీనికీ సంబంధం లేదు. నేను చెప్పేది మరియా కేరీ పాడిన స్లో పాట గురించి. కాలేజీ కల్చరల్స్‌లో ఎవరో ఒకరు ధైర్యం చేసి అందుకుంటారు చూడండి, కోరస్ దగ్గర గొంతు పైకి వెళ్లలేక ఫ్రెండ్స్ వైపు చూసి నవ్వేస్తారు, ఆ పాట.

మీలో కొంతమందికి ఇది ‘కెన్ లీ’ పాటగా తెలిసి ఉంటుంది. 2008లో బల్గేరియా టీవీలో ‘మ్యూజిక్ ఐడల్’ ఆడిషన్‌కి ఒకావిడ వచ్చింది. ఇంగ్లిష్ రాదు. మరియా కేరీ పాటని చెవికి ఎలా వినబడితే అలా పాడేసింది. కోరస్ మొదటి మాటలు ఆవిడకి ‘కెన్ లీ’ అని వినిపించాయి. జడ్జి పాట పేరేంటని అడిగితే అదే చెప్పింది. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ వీడియోలో వేరే విషయం నచ్చుతుంది. ఒక్క మాట అర్థం కాకపోయినా ఆ ట్యూన్ ఆవిడని పట్టుకుంది. మనం చిన్నప్పుడు హిందీ పాటలు పాడింది కూడా అలాగే కదా, సగం మాటలు మన సొంతం.

సరే, అసలు విషయం. ఈ పాట మరియా కేరీది కాదు. కామెంట్స్‌లో కొంచెం పెద్దవాళ్లు వచ్చి ‘బాబూ, ఒరిజినల్ నిల్సన్‌ది’ అని సరిదిద్దుతుంటారు. హ్యారీ నిల్సన్‌ది కూడా కాదు. దీన్ని రాసింది పీట్ హామ్, టామ్ ఎవాన్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు. బ్యాండ్ పేరు బ్యాడ్‌ఫింగర్. అమెరికాలో నంబర్ వన్, బ్రిటన్‌లో రెండుసార్లు నంబర్ వన్ అయిన పాట రాసినవాళ్లు ఎలా బతికి ఉండాలి? పెద్ద బంగళా, తోట, కార్లు అనుకుంటాం. ఆ ఇద్దరూ అప్పుల్లో, కోర్టు కాగితాల మధ్య తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. ఎందుకలా జరిగిందో అర్థం కావాలంటే, పాటకి డబ్బు ఏ దారిలో వస్తుందో తెలియాలి. ఆ లెక్క మధ్యలో చెప్తాను. బోర్ కొట్టదు, ప్రామిస్.

వేల్స్‌లో స్వాన్సీ అని ఒక ఓడరేవు ఊరు. 1960ల మొదట్లో అక్కడ కొంతమంది కుర్రాళ్లు ‘ది ఐవీస్’ అని బ్యాండ్ పెట్టుకున్నారు. ఊళ్లో ఐవీ ప్లేస్ అనే వీధి ఉంది, పేరు దాన్నుంచి తీసుకున్నారు. మన దగ్గర కుర్రాళ్లు క్రికెట్ టీమ్‌కి వీధి పేరు పెట్టుకున్నట్టే. పీట్ హామ్ స్వాన్సీవాడు, మెత్తటి మనిషి, ట్యూన్లు కట్టడంలో దిట్ట. టామ్ ఎవాన్స్ లివర్‌పూల్ నుంచి వచ్చి 1967లో కలిశాడు. 1968లో వీళ్లకి లాటరీ తగిలింది. బీటిల్స్ కొత్తగా పెట్టిన యాపిల్ రికార్డ్స్ వీళ్లని తీసుకుంది. (ఫోన్ యాపిల్ కాదు, పాటల యాపిల్.) బీటిల్స్ దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్న మాల్ ఎవాన్స్ వీళ్ల కోసం గట్టిగా పట్టుబట్టాడు.

తర్వాత పేరు బ్యాడ్‌ఫింగర్ అని మార్చారు. ఆ పేరు కూడా బీటిల్స్ ఇంట్లోదే, వాళ్ల ఒక పాటకి ముందు అనుకున్న వర్కింగ్ టైటిల్‌లోంచి వచ్చింది. పేరు మార్చాక వచ్చిన మొదటి హిట్ ‘కమ్ అండ్ గెట్ ఇట్’ రాసింది కూడా పాల్ మెక్కార్ట్‌నీయే. అదృష్టమే, కానీ అదే ముద్ర అయిపోయింది. ‘బీటిల్స్ తమ్ముళ్లు’ అన్నారు జనం. పెద్ద హీరో కొడుకు సినిమాల్లోకి వస్తే మన దగ్గర ఎలా ఉంటుందో తెలుసుగా. గేటు తొందరగా తెరుచుకుంటుంది, పోలిక మాత్రం జన్మలో వదలదు.

లండన్‌లో గోల్డర్స్ గ్రీన్ అనే పేటలో ఒకే ఇంట్లో అందరూ ఉండేవాళ్లు. మన బ్యాచిలర్ రూమ్ లాంటిది, కాకపోతే గిటార్లు ఎక్కువ. అక్కడ పీట్ దగ్గర ‘ఇఫ్ ఇట్స్ లవ్’ అని ఒక సగం పాట ఉండేది. చరణం బాగుంది, కోరస్ తేలిపోయింది. ఒక సాయంత్రం గర్ల్‌ఫ్రెండ్‌తో బయటికి వెళ్దామనుకుంటే పని పడింది. ఆవిడ పర్లేదులే అంది. నోరు నవ్వుతోంది గానీ కళ్లు నవ్వట్లేదు. అది పీట్ మనసులో పడిపోయింది, చరణంలోకి వచ్చేసింది. టామ్ దగ్గర దీనికి సరిగ్గా ఉల్టా సమస్య. తర్వాత తను పెళ్లి చేసుకున్న అమ్మాయి అప్పట్లో వదిలి వెళ్లిపోతే, ఆ బాధలో కట్టిన కోరస్ ఒకటి ఉంది, చరణాలు కుదరట్లేదు. ఇద్దరూ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూశారు. అతుక్కున్నాయి.

ఈ పాటలో చరణానికీ కోరస్‌కీ మధ్య ఏదో తెగిపోయినట్టు అనిపించడానికి కారణం ఇదేనని నా అనుమానం. చరణం పాడేవాడు తమాయించుకుంటున్నాడు, మర్యాదగా సెలవు తీసుకుంటున్నాడు. కోరస్‌కి వచ్చేసరికి ఇంకెవరో మీదపడి ఏడ్చేస్తున్నారు. నిజంగానే ఇద్దరు వేర్వేరు మనుషులు, వేర్వేరు బాధలు.

1970 నవంబర్‌లో ‘నో డైస్’ అనే ఆల్బమ్‌లో ఈ పాట వచ్చింది. బీటిల్స్ దగ్గర సౌండ్ ఇంజనీర్‌గా పేరు తెచ్చుకున్న జెఫ్ ఎమరిక్ ప్రొడ్యూసర్. మొదటి సైడ్‌లో చివరి పాట. అమెరికాలో గానీ బ్రిటన్‌లో గానీ దీన్ని సింగిల్‌గా విడుదల చేయలేదు. ఆ ఆల్బమ్‌లోంచి ‘నో మ్యాటర్ వాట్’ సింగిల్‌గా వచ్చి పెద్ద హిట్ అయింది, ఈ పాట మాత్రం ఆల్బమ్ కొన్నవాళ్లకే తెలిసింది. ఆ ఒరిజినల్ వినండి. గిటార్లు, ఆర్గాన్, నాలుగున్నర నిమిషాలకి పైనే ఉంటుంది. కోరస్ దగ్గర గొంతులు కలిసి పాడతాయి, కానీ ఎగరవు. ఏడుపుని గొంతులోనే మింగుకుని పాడినట్టు ఉంటుంది. నాకు ఇప్పటికీ ఇదే ఎక్కువ నమ్మకంగా వినిపిస్తుంది. హిట్ అయ్యే పాటలా మాత్రం వినిపించదు, అదీ నిజమే.

ఇప్పుడు హ్యారీ నిల్సన్. అమెరికన్. తను కూడా పాటలు రాసేవాడే. 1968లో బీటిల్స్ వాళ్లని మీకిష్టమైన అమెరికన్ ఆర్టిస్ట్ ఎవరని అడిగితే ఈయన పేరే చెప్పారు. ఒక రోజు లాస్ ఏంజెలెస్‌లో ఒక పార్టీలో ఈ పాట విన్నాడు. బీటిల్స్ పాటే అనుకున్నాడట. మర్నాడు బీటిల్స్ రికార్డులన్నీ వెతికినా దొరకలేదు. తర్వాత తెలిసింది అది బ్యాడ్‌ఫింగర్ అని. చూడండి, ‘బీటిల్స్ తమ్ముళ్లు’ అన్న ముద్రే ఇక్కడ పాటకి పనికొచ్చింది.

1971లో లండన్‌లో ట్రైడెంట్ స్టూడియోలో రికార్డింగ్. ప్రొడ్యూసర్ రిచర్డ్ పెర్రీ. ఇక్కడ ఏం మార్చారన్నది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే తర్వాత వచ్చిన వెర్షన్లు చాలావరకు దీన్నే కాపీ కొట్టాయి. గిటార్లు వెనక్కి పంపేశారు. మొదట పియానో, గొంతు, అంతే. పియానో గ్యారీ రైట్. తర్వాత మెల్లగా బేస్, డ్రమ్స్, పైన పాల్ బక్‌మాస్టర్ రాసిన స్ట్రింగ్స్. నాలుగున్నర నిమిషాలకి పైన ఉన్న పాట మూడుంపావు నిమిషాలకి వచ్చింది. అసలు దెబ్బ మాత్రం కోరస్‌లో ఉంది. మొదటిసారి కోరస్ వచ్చినప్పుడు నిల్సన్ కింది స్థాయిలో, తనలో తాను అనుకుంటున్నట్టు పాడతాడు. రెండోసారి అదే ట్యూన్‌ని ఒక ఆక్టేవ్ పైకి తీసుకెళ్తాడు. మన సంగీతం మాటల్లో చెప్పాలంటే మధ్య స్థాయి నుంచి తార స్థాయికి. స్వరాలు అవే, మాటలు అవే, కానీ మనిషి కట్టలు తెగిపోయాడు.

ఆ ఒక్క నిర్ణయం ఒక ఆల్బమ్ పాటని పవర్ బల్లాడ్‌గా మార్చింది. ఫిబ్రవరి 1972లో అమెరికాలో నంబర్ వన్, నాలుగు వారాలు. మార్చిలో బ్రిటన్‌లో నంబర్ వన్, ఐదు వారాలు. నిల్సన్‌కి గ్రామీ వచ్చింది. ఆయనకి అంతకు ముందు గ్రామీ తెచ్చిన ‘ఎవ్రీబడీస్ టాకిన్’ కూడా ఫ్రెడ్ నీల్ అనే వేరే ఆయన రాసిన పాటే. ఇటు చూస్తే నిల్సన్ సొంతంగా రాసిన ‘వన్’ పాటని త్రీ డాగ్ నైట్ అనే బ్యాండ్ పాడి పెద్ద హిట్ చేసుకుంది. కొంతమంది జాతకం అంతే అనుకోవాలి.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వద్దాం. ఒక పాటలో రెండు ఆస్తులు ఉంటాయి. ఒకటి పాట, అంటే సాహిత్యం, ట్యూన్. రెండోది రికార్డింగ్, అంటే ఫలానా గొంతుతో ఫలానా రోజు స్టూడియోలో పట్టిన ధ్వని. ఇల్లూ, ఇంటి స్థలమూ అనుకోండి. నిల్సన్ కట్టింది కొత్త ఇల్లు. స్థలం మాత్రం హామ్, ఎవాన్స్‌లది.

అమెరికాలో 1909 నుంచి ఒక రూల్ ఉంది. ఒక పాట ఒకసారి రికార్డుగా బయటికొచ్చాక, ఎవరైనా దాన్ని మళ్లీ పాడి రికార్డు వేయొచ్చు. రాసినవాడిని బతిమాలక్కర్లేదు. కానీ అమ్మిన ప్రతి కాపీకీ చట్టం చెప్పిన రేటు కట్టాలి. 1909లో ఆ రేటు 2 సెంట్లు. 1972లో నిల్సన్ రికార్డు అమ్ముడవుతున్నప్పుడు కూడా అదే 2 సెంట్లు! అరవై ఏళ్లకి పైగా పైసా పెరగలేదు. అంటే 10 లక్షల సింగిల్స్ అమ్మితే పాటకి 20,000 డాలర్లు. అందులో పబ్లిషర్ వాటా పోవాలి, మిగిలింది ఇద్దరు పంచుకోవాలి.

ఇంకో తమాషా ఉంది. సింగిల్ అంటే రెండు వైపులున్న రికార్డు. ఎ సైడ్ హిట్ పాట. అమెరికాలో ఈ సింగిల్ బి సైడ్‌లో ఉన్నది నిల్సన్ స్వయంగా రాసిన ‘గాటా గెటప్’. జనం కొన్నది ‘వితౌట్ యూ’ కోసం, కానీ వెనక వైపు పాటకీ అదే 2 సెంట్ల లెక్క. ఆ బి సైడ్ పాట మీరు విని ఉండొచ్చు. నెట్‌ఫ్లిక్స్‌లో ‘రష్యన్ డాల్’ చూశారా? హీరోయిన్ చచ్చిపోయి మళ్లీ బాత్‌రూమ్‌లో అద్దం ముందు లేచిన ప్రతిసారీ మోగేది అదే.

సరే, రికార్డు అమ్మకాల రేటు తక్కువే. కానీ రేడియో ఉంది. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే పాడినవాడికి రాయల్టీ రాదు, రాసినవాడికి వస్తుంది. ఇప్పటికీ అంతే. కాబట్టి ‘వితౌట్ యూ’ ప్రతి ఊళ్లో, ప్రతి స్టేషన్‌లో రోజంతా మోగుతుంటే డబ్బు చేరాల్సింది హామ్, ఎవాన్స్‌లకి. ఇలాంటి పాట ఒక్కటి ఉంటే చాలు, జీవితాంతం నెలనెలా అద్దె వచ్చే ఇల్లున్నట్టే. అయితే ఆ అద్దె వసూలు చేసే మనిషి ఎవరన్నదే ఇక్కడ ప్రశ్న.

ఆ మనిషి పేరు స్టాన్ పాలీ. న్యూయార్క్ బిజినెస్ మేనేజర్. 1970లో బ్యాండ్ ఆయనతో సంతకాలు చేసింది. ఏర్పాటు ఇలా ఉండేది: బ్యాండ్ సంపాదించేది అంతా బ్యాడ్‌ఫింగర్ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీకి పోతుంది, కుర్రాళ్లకి అందులోంచి జీతాలు. వినడానికి పద్ధతిగానే ఉంది. 1970 డిసెంబర్ నుంచి 1971 అక్టోబర్ వరకు ఆయన అకౌంటెంట్లే తయారుచేసిన లెక్కలో పీట్ హామ్‌కి ఇచ్చింది 5,959 డాలర్లు. మేనేజర్ కమీషన్ 75,744 డాలర్లు. మళ్లీ చదవండి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ పూజారి దేవుడి గుడికే తాళం వేసుకున్నాడు.

మరి వాళ్లెందుకు అడగలేదు అంటారా? పీట్‌కి పాలీ మీద నమ్మకం. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల కుర్రాళ్లు. బయటి నుంచి చూస్తే అంతా వెలుగే. జార్జ్ హారిసన్ ఆల్బమ్‌లో వాయించారు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో పండిట్ రవిశంకర్, హారిసన్ కలిసి పెట్టిన ‘కన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్’లో స్టేజి మీద ఉన్నారు. హారిసన్ పక్కన నిలబడి ఇద్దరే గిటార్లతో ఒక పాట వాయించింది పీట్ హామే, వీడియో ఉంది చూడండి. ‘డే ఆఫ్టర్ డే’, ‘బేబీ బ్లూ’ హిట్లు. అలాంటప్పుడు డబ్బెక్కడ అని అడిగితే, పెట్టుబడుల్లో ఉంది, దాస్తున్నాం అని జవాబు వస్తే ఎవరైనా నమ్ముతారు.

యాపిల్ రికార్డ్స్ బీటిల్స్ గొడవల్లో చితికిపోయింది. పాలీ వీళ్లని వార్నర్ బ్రదర్స్‌కి మార్చాడు, పెద్ద కాంట్రాక్ట్. అందులో ఒక అడ్వాన్స్ సొమ్ము విడిగా ఖాతాలో ఉండాలి. అది కనిపించలేదు. 1974 చివర్లో వార్నర్ కేసు వేసింది. అప్పుడే విడుదలైన ‘విష్ యూ వర్ హియర్’ ఆల్బమ్‌ని కొన్ని వారాలకే షాపుల్లోంచి వెనక్కి తీసుకుంది. (ఇదే పేరుతో తర్వాతి ఏడాది పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ వచ్చింది, అందుకే బ్యాడ్‌ఫింగర్‌ది సెర్చ్‌లో కూడా దొరకదు.) జీతాలు ఆగిపోయాయి. పీట్ అప్పటికే ఇల్లు కొన్నాడు, అప్పులున్నాయి, భార్యగా చూసుకుంటున్న అమ్మాయి నిండు గర్భిణి. పాలీకి ఫోన్ చేస్తే దొరికేవాడు కాదు.

1975 ఏప్రిల్ 24న పీట్ హామ్ ఆత్మహత్య చేసుకున్నాడు. మూడు రోజులాగితే 28 ఏళ్లు నిండేవి. రాసిపెట్టిన చీటీలో పాలీ పేరు ఉంది. కూతురు మరుసటి నెల పుట్టింది.

ఇక్కడ ఒక్క నిమిషం. ఈ ఎపిసోడ్ చూసేవాళ్లలో ఎవరైనా డబ్బు వల్లో, ఇంకే కారణం వల్లో అలాంటి ఆలోచనల్లో ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

టామ్ ఎవాన్స్ దాన్నుంచి తేరుకోలేదు. బ్యాండ్‌లో మిగిలినవాళ్లూ విడిపోయారు, మళ్లీ కలిశారు, మళ్లీ విడిపోయారు. ఒక దశలో టామ్ ఒక బ్యాడ్‌ఫింగర్, గిటారిస్ట్ జోయీ మోలాండ్ ఒక బ్యాడ్‌ఫింగర్ పెట్టుకుని అమెరికాలో విడివిడిగా తిరిగారు. ఇక ‘వితౌట్ యూ’ రాయల్టీలు. పాట మీద పేర్లు రెండే, హామ్, ఎవాన్స్. కానీ బ్యాండ్ అంటే మనమంతా ఒక్కటే, పంచుకుందాం అని మొదట్లో అనుకున్న మాట ఉందని మిగిలినవాళ్లు వాటా అడిగారు. కాగితం మీద ఉన్నదొకటి, మాట మీద ఉన్నదొకటి. అన్నదమ్ముల పొలం తగాదా చూసినవాళ్లకి ఇది ఎలా ముదురుతుందో చెప్పక్కర్లేదు. 1983 నవంబర్‌లో ఒక రాత్రి టామ్, జోయీ ఫోన్‌లో ఆ రాయల్టీల గురించే గొడవపడ్డారు. మర్నాడు, 19వ తారీఖున, టామ్ కూడా పీట్ వెళ్లిన దారిలోనే వెళ్లిపోయాడు. 36 ఏళ్లు.

దీనికి జోయీని తిట్టేవాళ్లని ఆన్‌లైన్‌లో చూస్తుంటాను. నాకది సరి అనిపించదు. డబ్బు మొదట్లోనే సరిగ్గా వచ్చి ఉంటే ఆ నలుగురూ మిగిలిన ముక్కల కోసం కొట్టుకునే పరిస్థితే రాదు. జోయీ 2025 మార్చిలో చనిపోయాడు. పాపులర్ లైనప్‌లో ఆఖరివాడు.

పాట మాత్రం ఆగలేదు. 1978లో హార్ట్ అనే రాక్ బ్యాండ్ పాడింది. 1983లో టి.జి. షెపర్డ్ కంట్రీ స్టైల్‌లో పాడాడు. 1991లో ఎయిర్ సప్లై. వీటి గురించి నేను పెద్దగా చెప్పను, బాగానే ఉంటాయి, నిల్సన్ అచ్చులో పోసినవే ఎక్కువ. వందకు పైగా వెర్షన్లు ఉన్నాయి.

తర్వాత మరియా కేరీ. 1993లో వచ్చిన ‘మ్యూజిక్ బాక్స్’ ఆల్బమ్. వాల్టర్ అఫనాసియెఫ్‌తో కలిసి చేసింది. మరియా చిన్నప్పటి నుంచి విన్నది నిల్సన్ వెర్షన్, కట్టింది దాని మీదే. అదే పియానో మొదలు, అదే కింది కోరస్, తర్వాత పై కోరస్. కాకపోతే వెనక గాస్పెల్ కోరస్‌లా గొంతులు, చివర్లో తన గమకాలు. నిల్సన్ పై స్వరానికి వెళ్లినప్పుడు అందుతుందా అందదా అని మనకి భయం వేస్తుంది. మరియాకి అది మేడ మీదికి మెట్లెక్కినంత సులువు. ఆ భయం లేకపోవడం వల్ల నాకు ఆ వెర్షన్‌లో కొంచెం ఏదో తగ్గినట్టు ఉంటుంది. ఫ్యాన్స్ తిట్టకండి. మా హాస్టల్‌లో ఒక సీనియర్ డెస్క్‌టాప్‌లో రాత్రి పదకొండు దాటాక రోజూ ఇదే వేసేవాడు, కారిడార్ మొత్తానికి ఎవరి బ్రేకప్ వాళ్లకి గుర్తొచ్చేది. ఆ పవర్‌ని నేను కాదనట్లేదు.

టైమింగ్ చూడండి. 1994 జనవరి 15న నిల్సన్ గుండెపోటుతో చనిపోయాడు, 52 ఏళ్లు. అప్పటికే ఆయన కూడా డబ్బు విషయంలో మోసపోయి ఉన్నాడు, నమ్మిన ఆర్థిక సలహాదారు వల్ల ఆస్తి చాలావరకు పోయింది. ఆయన పోయిన సరిగ్గా కొద్ది రోజులకే మరియా సింగిల్ విడుదలైంది. బ్రిటన్‌లో ఆమెకి మొదటి నంబర్ వన్ అదే. అమెరికాలో 3వ స్థానం దాకా వెళ్లింది. స్థలం ఓనర్లు ఇద్దరూ లేరు, మొదటి ఇల్లు కట్టినవాడూ లేడు. అద్దె మాత్రం మళ్లీ మొదలైంది, ఈసారి వారసులకి.

ఇదంతా ఎక్కడో లండన్, న్యూయార్క్ కథ అనుకోకండి. మన దగ్గర ఎలా ఉండేదో చెప్తాను. సినిమా పాటలు రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు ఒకసారి పారితోషికం తీసుకుంటే ఇంక అంతే. 1977లో సుప్రీంకోర్టు కూడా, వేరే ఒప్పందం లేకపోతే సినిమా పాట మీద మొదటి హక్కు నిర్మాతదే అంది. 2012లో కాపీరైట్ చట్టం సవరించారు. అప్పుడు రాజ్యసభలో ఉన్న జావేద్ అఖ్తర్ దీని కోసం గట్టిగా కొట్లాడారు. ఇప్పుడు రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు సినిమా బయట పాట వాడితే వచ్చే రాయల్టీలో తమ సమాన వాటాని నిర్మాతకి రాసిచ్చేయడం కుదరదు. సంతకం పెట్టినా చెల్లదు. వారసులకో, వాళ్ల తరఫున వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో మాత్రమే ఇవ్వచ్చు.

2017 మార్చి గుర్తుందా? మన బాలు గారు యాభై ఏళ్ల పాటల టూర్‌తో అమెరికాలో ఉన్నారు. ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వెళ్లింది, అనుమతి లేకుండా నా పాటలు పాడొద్దని. తెలుగువాళ్లందరూ రెండు పార్టీలైపోయారు. ‘బాలు పాడిన పాట బాలు పాడకూడదా?’ అని ఒక పక్క. నాకూ ఆ రోజు బాలు గారి కోసం మనసు కలుక్కుమంది, ఆయన ఎంత హుందాగా తీసుకున్నారో గుర్తుంది. కానీ ఇల్లు, స్థలం లెక్క ఇప్పుడు విన్నారు కదా. అడిగిన పద్ధతి నచ్చకపోవచ్చు, స్నేహితుణ్ని అలా అడగాలా అనిపించవచ్చు. అడగడానికి హక్కు ఉందా అన్నది వేరే ప్రశ్న. తర్వాత వాళ్లిద్దరూ కలిసిపోయారు, మళ్లీ ఒకే స్టేజి మీద కనిపించారు. అది మన అదృష్టం.

కవర్ సాంగ్స్ చేసేవాళ్లు నాకు మెసేజ్‌లు పెడుతుంటారు కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. మన చట్టంలో 31సి అని ఒక సెక్షన్ ఉంది. దాని ప్రకారం కవర్ వెర్షన్ రికార్డు వేయాలంటే ఒరిజినల్ వచ్చిన సంవత్సరం అయిపోయాక ఐదేళ్లు ఆగాలి, ముందే నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి, అది కూడా ఏడాదికి కనీసం 50,000 కాపీలకి. అమెరికా రూల్ కంటే మనది చాలా టైట్. మొన్న రిలీజైన పాటకి నిన్న కవర్ పెట్టేసి, ‘నో కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్ ఇంటెండెడ్’ అని డిస్క్రిప్షన్‌లో రాస్తే సరిపోదు. ఆ వాక్యానికి చట్టంలో ఏ బలమూ లేదు. వీడియో నిలబడుతోందంటే చాలాసార్లు కారణం ఒకటే, దాని మీద యాడ్స్ డబ్బు హక్కుదారు వైపు వెళ్తోంది.

బ్యాడ్‌ఫింగర్‌కి 2013లో రెండు మంచి సంగతులు జరిగాయి. ఏప్రిల్ 27న, అంటే పీట్ హామ్ పుట్టినరోజున, స్వాన్సీ రైల్వేస్టేషన్ దగ్గర, ఆ ఐవీ ప్లేస్‌లోనే, ఆయన పేరుతో నీలం రంగు ఫలకం పెట్టారు. తెర తీసింది తండ్రిని ఎప్పుడూ చూడని ఆ కూతురు. అదే ఏడాది సెప్టెంబర్ 29న ‘బ్రేకింగ్ బ్యాడ్’ ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. చివరి సీన్‌లో మోగేది ‘బేబీ బ్లూ’. ఆ రాత్రి ఎంతోమంది ఫోన్ తీసి, ఈ పాట ఎవరిది అని వెతికారు. పాట రాసినవాడిగా పీట్ హామ్ పేరు వచ్చింది.

వినేటప్పుడు వరస ఇలా పెట్టుకోండి: ముందు బ్యాడ్‌ఫింగర్, తర్వాత నిల్సన్, తర్వాత మరియా. హెడ్‌ఫోన్స్‌తో. రెండో కోరస్ దగ్గర మూడింటిలో ఏం జరుగుతోందో పోల్చి, మీకు ఏది నచ్చిందో కామెంట్‌లో రాయండి. స్పాటిఫైలో వింటుంటే పాట పక్కన మూడు చుక్కలు నొక్కండి, క్రెడిట్స్ కనిపిస్తాయి. రచయితల దగ్గర మూడు వెర్షన్లకీ అవే రెండు పేర్లు ఉంటాయి.